పొద్దున మాత్రమే చూసిన ఇల్లు

సిద్దిపేటలో మూడు పడకగదులు, ముందు వరండా, వెనక జామచెట్టు, రెండు బండ్లు పెట్టుకునే జాగా ఉన్న ఇల్లు నెలకు ఐదువేలకు పట్టినవాడు ఇంకెవడైనా ఉంటే నా ముందుకు రమ్మనండి. ఏడువేలు చెప్పిన మనిషిని, ఆయన దుకాణం షట్టరు పూర్తిగా పైకి లేచేలోపు, ఒక్క చాయ్ కూడా తాగకుండా ఐదుకు దించాను. ఆ సంగతి తెలిశాక మా కంపెనీలో ఒకాయన తన చెల్లెలి పెళ్లికి ఫంక్షన్ హాలు మాట్లాడడానికి నన్ను ప్రత్యేకంగా వెంట తీసుకెళ్లాడు. ఇంత చెడ్డ నిర్ణయాన్ని ఇంత తక్కువ ధరకు సంపాదించినవాళ్లు ఈ జిల్లాలో మరొకరు లేరని నా గట్టి నమ్మకం.

అక్కన్నపేటలో మా నాయినది కిరాణం. పెద్దనాయినది బట్టల దుకాణం, మేనమామది ఇనుప సామాను. ఏ శుభకార్యానికైనా అందరూ ఒకచోట చేరితే పెళ్లికొడుకు ఎలా ఉన్నాడన్న మాట తర్వాత. నూనె డబ్బా ఎవరికి ఎంతకు పడిందన్నది ముందు. నాకు వచ్చిన మొదటి మాట 'తగ్గించు' అని మా అమ్మ అందరికీ చెప్పేది. అది అబద్ధమే, కానీ నేనెప్పుడూ కాదనలేదు.

నాయిన నేర్పిన విద్యల్లో నేను ఎక్కువగా వాడుకున్నది ఒకటి. బేరం ఆడాలంటే బోణీ వేళకు పోవాలి. మొదటి గిరాకీని ఉత్తచేతులతో పంపితే ఆ రోజంతా అట్లాగే పోతుందని దుకాణదారుడికి భయం. అగరుబత్తి తిప్పి గల్లాపెట్టెకు దండం పెట్టుకుంటున్న మనిషి ముందు నోట్లు పట్టుకుని నిలబడితే, సగం బేరం మనం నోరు తెరవకముందే అయిపోతుంది. మంచాలు, ఫ్యాన్లు, చివరికి నా కళ్లజోడు కూడా నేను బోణీ వేళకే కొన్నాను.

నేను డ్రిప్పు పైపులు అమ్మే కంపెనీలో పనిచేస్తాను. పదేళ్లు హైదరాబాదులో ఉన్నాక, సిద్దిపేటా చుట్టుపక్కల మండలాలూ చూసుకొమ్మని పంపారు. ఇంట్లో సంతోషించింది నేనొక్కడినే. నాలుగో తరగతి చదివే కూతురు స్నేహితురాళ్లు పోతారని ఏడ్చింది. నా భార్య ఏడవలేదు. నాకు అదే ఎక్కువ ఇబ్బందిగా తోచింది.

ఆమె జాకెట్లు కుడుతుంది. చేనేత ఇంట్లో పుట్టిన మనిషి. గుడ్డను రెండు వేళ్ల మధ్య నలిపి, ఉతికితే ఎంత గుంజుకుపోతుందో చెప్పేస్తుంది. హైదరాబాదులో మాది గల్లీ వైపు కిటికీ ఉన్న రెండు గదుల కొంప. సాయంత్రం అయితే చాలు, ఆఫీసుల నుంచి వచ్చేవాళ్లు, వంట ముగించుకున్నవాళ్లు గుడ్డలు పట్టుకుని నడుచుకుంటూ వచ్చేవారు. కొలతలు, అతుకులు, అత్తల మీద ఫిర్యాదులు అన్నీ ఆ కిటికీ దగ్గరే. నెలకు పదివేల దాకా వచ్చేది. ఆ గిరాకీని కూడగట్టడానికి ఆమెకు చాలా ఏళ్లు పట్టింది. దాన్నంతా వదిలి రమ్మన్నప్పుడు ఆమె నన్ను అడిగింది ఒక్కటే.

"ఇల్లు చిన్నగున్నా మంచిదే. పొద్దుమూకినంక ఆడోళ్లు నడిచొచ్చే జాగల చూడు. ఒక్క జాకెట్ కోసం ఆటో కిరాయి పెట్టుకోని ఎవ్వరూ రారు."

"గంతేనా?"

"గంతే. అది లేకుంటే నేను గాడ కూసోని ఎవలకు కుట్టాలె, గోడలకా?"

సరే అన్నాను. ఆ మాట నోట్లోంచి వస్తుండగానే, ఊరి నుంచి ఎంత దూరం జరిగితే కిరాయి ఎంత తగ్గుతుందో లోపల లెక్క మొదలైంది.

వారం ముందే వచ్చి లాడ్జిలో దిగాను. పాత బస్టాండు వెనక ఒక సందులో మొదటి ఇల్లు చూశాను. రెండు గదులు, ఎనిమిదిన్నర వేలు. బాత్రూం తలుపు గడియ పడాలంటే బయటి నుంచి ఒకరు తోయాలి. రేటు వినగానే వెనక్కి తిరిగాను. ఆ సందులో సాయంత్రం ఎలా ఉంటుందో చూడనే లేదు. అక్కడి నుంచి బయటికి పోతున్నకొద్దీ కిరాయి ఎనిమిదైంది, ఏడున్నరైంది. నాకు హుషారు పెరిగింది. చింతమడక వైపు పోయే తోవలో, ఊరు అయిపోయి వరిపొలాలు మొదలయ్యే చోట ఒక కొత్త కాలనీ కనిపించింది. వెడల్పాటి రోడ్లు, తెల్లగా సున్నం కొట్టిన హద్దురాళ్లు. గేటుకు కట్టిన అట్టముక్క మీద 'ఇల్లు కిరాయికి ఇవ్వబడును' అని, కింద యజమాని దుకాణం ఎక్కడో రాసి ఉంది.

నేను అక్కడికి వెళ్లింది పొద్దు పొడిచీ పొడవకముందే. ఆ రోడ్డు మీద ఆడవాళ్లే ఆడవాళ్లు. చీరల కింద బూట్లు, తలకు స్కార్ఫులు, ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా, చేతులు ఊపుకుంటూ, గట్టిగా మాట్లాడుకుంటూ నడుస్తున్నారు. దుకాణదారుల ఇంట్లో పెరిగినవాడు ఏం చేస్తాడో అదే చేశాను. కల్వర్టు మీద కూర్చుని గిరాకీ అంచనా వేశాను. ఏ జాగాలో దుకాణం తెరవాలన్నా మావాళ్లు ముందు అక్కడ ఊరికే కూర్చుని పోయేవాళ్లను చూస్తారు. ఆడోళ్లు నడిచొచ్చే జాగ కావాలంది. నడుస్తున్నారు. ఆమె అడిగినదానికంటే ఎక్కువే ఉన్నారు. వాళ్లలో ఒక్కరైనా ఏదో ఒక గేటు తీసుకుని లోపలికి పోతున్నారా అని మాత్రం నేను చూడలేదు.

అటు నుంచి అటే బజారుకు వెళ్లాను. యజమానిది విత్తనాలు, పురుగుమందుల దుకాణం. పెద్దాయన అప్పుడే షట్టరు సగం లేపి, పటాలకు అగరుబత్తి తిప్పుతున్నాడు. సరిగ్గా నాక్కావలసిన వేళ.

"సేటూ, ఇల్లు చూసిన."

"మంచిగున్నదా?"

"ఇల్లు మంచిగనే ఉన్నది. కిరాయి పానమే ఎట్లున్నదో చెప్పు."

ఆయన నవ్వాడు. "ఏడు వేలు తమ్మీ. మూడు రూములు. గదే ఊర్లె అయితే పన్నెండు ఇస్తరు."

"ఊర్లె అయితే నేనూ ఇస్త సేటూ. అది ఊరు కాదు గద, ఊరికి వచ్చే తోవ." ఐదువేలు తీసి గల్లాపెట్టె మీద పెట్టాను. "బోణీ చేస్తున్న. వద్దంటే జేబుల పెట్టుకోని పోత."

ఆయన నోట్ల వైపు, అగరుబత్తి పొగ వైపు మార్చి మార్చి చూశాడు. "పొద్దుగాల పొద్దుగాల గిట్ల ఇరికిస్తవేందయ్యా? ఏడ నేర్చినవ్ గిదంతా?"

"అక్కన్నపేటల. మా నాయినది కిరాణం."

"గా ముక్క ముందుగాల చెప్పొద్దా? తొమ్మిది చెప్పేటోన్ని."

ఇంకా ఊగుతున్నాడనిపించి, నేనే ఒక మెట్టు ముందుకేశాను. "పదివేలు అడ్వాన్సు ఇస్త. పదకొండు నెలల దాక కదల. నడిమిట్ల పోతే అడ్వాన్సు నువ్వే ఉంచుకో." ఆయన నోట్లు కళ్లకు అద్దుకుని గల్లాలో వేసుకున్నాడు. ధర గబగబా దిగుతుంటే ఆగి ఆలోచించాలని, కదలని సరుకు ఉన్నవాడే అలా దిగుతాడని పదిమందికి చెప్పినవాణ్ణి నేను. ఆ రోజు నాకు చెప్పేవాళ్లు ఎవరూ లేకపోయారు.

సామాను డీసీఎం వ్యానులో వేసుకుని మేం దిగింది కూడా పొద్దున్నే. మళ్లీ అదే సందడి. నా భార్య బండి ముందు సీట్లోంచి చూసి, చాలా రోజుల తర్వాత నవ్వింది. "మస్తు మంది ఉన్నరే!" అంది. అన్నిటికంటే ముందు మిషన్ దింపించి ముందుగది కిటికీ దగ్గర పెట్టుకుంది. కూతురు స్కెచ్ పెన్నులతో 'ఇక్కడ జాకెట్లు కుట్టబడును' అని రాసి గేటుకు తగిలించింది. సాయంత్రం నా భార్య తల దువ్వుకుని, పూలు పెట్టుకుని, లైటు వేసుకుని కూర్చుంది. ఆ సాయంత్రం మా గేటు ముందు నుంచి వెళ్లినవి ఒక గడ్డి ట్రాక్టరు, నాలుగు బర్రెలు. స్తంభాలు ఉన్నాయి కానీ వాటికి దీపాలు లేవు. చీకటి పొలాల వైపు నుంచి వచ్చి మా వరండా మెట్ల దాకా నిండింది.

"కొత్త గద, తెలియాలె," అంది. మర్నాడూ అదే మాట. ఆ తర్వాత ఒక పొద్దున చీపురు పట్టుకుని గేటు దగ్గర కాపు కాసి, నడుస్తున్న ఇద్దరిని ఆపింది.

"అక్కా, జర ఆగున్రి. మీ ఇల్లు ఏ దిక్కు?"

"మాదా? పాత బస్టాండు ఎనుక."

"మరి గీ కాలనీల ఎవరుంటరు?"

"గీడ ఎవరుంటరు బిడ్డా! ఇండ్లు పది లెవ్వు, అండ్ల సగం తాళాలే. రోడ్డు ఖాళీగ ఉంటదని ఆటో మాట్లాడుకోని వస్తం."

రెండో ఆవిడ అందుకుంది. "షుగరమ్మా. డాక్టరు నడువుమన్నడు. ఊర్లె నడుస్తె బండ్లు మీదికొస్తయి. అయినా మీరు గీడనే ఉంటున్నరా? భయం కాదా?"

నేను వరండాలో పళ్లు తోముకుంటూ వింటున్నాను. నోట్లో పేస్టు నిండినా ఉమ్మడానికి ధైర్యం చాలలేదు. ఆమె గేటు వేసి వచ్చింది.

"నడిచొచ్చే ఆడోళ్లేనయ్యా. అబద్ధం లేదు. షుగరు దించుకోను నడిచొస్తున్నరు."

నేను గబగబా నోరు కడుక్కున్నాను.

"ఒక్క మాపటేళ వచ్చి చూసినవా గీ జాగ?"

"బోణీ యాళ్లకు పోతె తగ్గిస్తడని..."

"నీ బోణీ అయ్యింది. నాదెప్పుడైతది?" అని లోపలికి వెళ్లిపోయింది.

ఆనాటి నుంచి నాకు కాలు నిలవలేదు. ఇల్లు మారాలంటే పదివేలు వదులుకోవాలి. ఆ ముడి వేసింది నేనే. వదలబుద్ధి కాదు, ఉండబుద్ధి కాదు. సగం అట్టపెట్టెలు విప్పనివ్వలేదు, రేపో మాపో మారదామా అన్నట్టు. బండి మీద పోతూ ప్రతి టూలెట్ బోర్డు దగ్గరా ఆగేవాణ్ణి. పైపులు చూపించడానికి ఎర్రవల్లి వెళ్లి, అక్కడి కొత్త ఇళ్లు చూసి, ఒకదాని ముందు నిలబడి "ఇది ఎంతకిస్తరు?" అని అడిగాను. ఆ ఇంటాయన తలుపులో నిలబడే ఉన్నాడు. "మరి మమ్మల్ని ఏడికి పొమ్మంటవ్ సారూ?" అన్నాడు.

చివరికి గిరాకీ ఇంటికి రాకపోతే గిరాకీ దగ్గరికి ఇల్లే పోవాలని నిశ్చయించుకుని, నేనే బండి మీద సంచి కట్టుకుని బయల్దేరాను. పొద్దున నడిచే ఆడవాళ్ల చిరునామాలు అడిగి, వాళ్ల ఇళ్లకు వెళ్లి గుడ్డలు, కొలత కోసం ఒక ఆది జాకెట్టు తెచ్చేవాణ్ణి. కుట్టినవి మళ్లీ ఇచ్చి వచ్చేవాణ్ణి. పైపులకు ఎలా మాట్లాడతానో జాకెట్లకూ అలాగే మాట్లాడాను. రెండిస్తే మూడోదానికి యాభై తగ్గింపు. పండగ ముందు ఇస్తే ఇంకొంచెం. నా భార్యకు ఈ తగ్గింపుల సంగతి చెప్పలేదు. తేడా నా జేబులోంచి కలిపి ఇచ్చేవాణ్ణి.

చిక్కు ఇంకోచోట వచ్చింది. ఒక టీచరమ్మ ఇంటికి వెళితే ఆవిడ జాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టింది.

"అన్నా, చెయ్యి కాడ పట్టేస్తుంది. ఇంగొకటి గూడ ఉన్నది... వద్దులే, అక్కకే చెప్త."

"ఫర్వాలేదు చెప్పున్రి, నేను చెప్త."

"ఏం చెప్తవన్నా నువ్వు!" అంది ఆవిడ. మెట్ల మీద కూర్చున్న పక్కింటి ఆడవాళ్లంతా కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను ఇంకో యాభై తగ్గించి అక్కడి నుంచి బయటపడ్డాను.

ఒక్కసారైనా తొడుక్కుని చూపించకుండా కుట్టినవి అట్లాగే ఉంటాయి. భుజం జారేది ఒకటి, వీపు ముడతపడేది ఒకటి. ఆరేడుగురు ఆది జాకెట్లు తిరిగి తీసుకుని మళ్లీ గుడ్డ ఇవ్వలేదు. ఒకరోజు ఎవరో ఫోన్ చేసి, మొన్న అన్న తగ్గించినట్టే ఈసారి కూడా తగ్గించమని నా భార్యనే అడిగారు. నేను సాయంత్రం బండి ఆపేసరికి ఆమె గేటు దగ్గరే ఉంది.

"నా చేతిపనికి నువ్వు ధర తగ్గిస్తున్నవా?"

"గిరాకీ పోవద్దని..."

"పోనీ. యాభై రూపాలకు నిలిచేటోళ్లు ఇంకొకలు అరవై తగ్గిస్తె గాడికి పోతరు. నేను కుట్టింది ఒక్కపారన్న మనిషి ఒంటి మీద చూడాలె నేను. నువ్వు తెచ్చేది సంచి. సంచిని చూసి నేనేం సరిచెయ్యాలె?"

ఆ తర్వాత ఆమె గుడ్డలు తేవద్దంది. నాలుగో నెలలో, మార్కెట్ నుంచి తెచ్చిన కూరగాయల సంచి మిషన్ బల్ల మీద పెట్టడం మొదలుపెట్టింది. మొదటి రోజు నేను తీసి కింద పెట్టాను. మర్నాడు వంకాయలు మళ్లీ అక్కడే ఉన్నాయి. ఆమె అరిచి ఉంటే నాకు జవాబులు ఉండేవి. వంకాయలకు ఏం జవాబు చెప్పాలి? పైపుల పని మీద ఎక్కడికి వెళ్లినా నాకు ఆ బల్లే కనిపించేది. ఈ మనిషి కుట్టడం మానేస్తే తర్వాత ఏమవుతుందో నేను ఊహించలేకపోయాను. పదేళ్లలో ఆమె ఖాళీ చేతులతో కూర్చోవడం చూసి ఎరగను.

ఒక పొద్దున లేచేసరికి ఆమె లేదు. నా పాత బూట్లు కూడా లేవు. ఎండ ఎక్కాక ఆటో దిగింది.

"ఏడికి పోయినవ్?"

"షుగరోళ్లతోని."

వాళ్లతో నడవడం, వాళ్ల ఆటోలోనే ఊళ్లోకి పోవడం, మధ్యాహ్నానికి తిరిగిరావడం రోజూ ఇదే అయింది. వారం తర్వాత అన్నం వడ్డిస్తూ చెప్పింది. పాత బస్టాండు వెనక ఒక గాజుల ఆమెకు షట్టరు గది, మావాళ్ల మాటలో మడిగె, ఉందట. అందులో సగం ఈమె కిరాయికి తీసుకుందట.

"ఎంత చెప్పింది?"

"రెండున్నర వేలు."

"నువ్వెంతన్నవ్?"

"సరే అన్న."

నా చేతిలో ముద్ద ఆగిపోయింది. "మొదటి మాటకేనా?"

"మొదటి మాటకే."

"నన్ను తోల్కపోతే పదిహేను వందలకు..."

"ఇస్తది, నాకెర్కలేదా? పదిహేను వందలకు ఎనుక గోడ కాడ మూల చూపెడ్తది. ముందల గాజులు పెట్టుకుంటది. నాకు ముందల కావాలె. తోవల పోయేటోళ్లు నాకు కనపడాలె, నేను వాళ్లకు కనపడాలె. కిరాయి గుంజులాడినంక ముందల జాగ అడిగేటందుకు నాకు మొఖం ఉంటదా?"

మావాళ్లవి మూడు దుకాణాలు నడిచాయి. ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదు.

మిషన్ మడిగెకు చేరింది. మొదటి సాయంత్రం నేను కొంచెం ఆలస్యంగా వెళ్లాను. సందులో దీపాలు వెలిగి ఉన్నాయి. పొద్దున బూట్లతో చూసిన ఆడవాళ్లే చెప్పులేసుకుని, చేతిసంచుల్లో గుడ్డలతో నిలబడి ఉన్నారు. మూలకు ఒక పాత చీర కట్టి తొడుక్కుని చూసుకునే చోటు చేసింది. లోపలికి అడుగు పెట్టబోతుంటే టీచరమ్మ, "అన్నా, మీరు జర అవుతల నిలబడున్రి," అంది. అవతల నిలబడ్డాను. చీర వెనక నుంచి నా భార్య గొంతు వినిపించింది. "చెయ్యి లేపు. ఇంకా లేప్. గిప్పుడు పట్టేస్తుందా?" హైదరాబాదు వదిలాక ఆ గొంతు వినడం అదే మొదలు.

కూతురు బడి నుంచి నేరుగా మడిగెకే వచ్చేది. ఇద్దరినీ బండి ఎక్కించుకుని కాలనీకి తెచ్చేసరికి నిద్రవేళ అయ్యేది. నేను పని నుంచి ముందుగా ఇంటికి చేరిన రోజుల్లో, వాళ్ల కోసం పోయే వేళయ్యేదాకా ఆ మూడు పడకగదుల్లో ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి తిరిగేవాణ్ణి. ఏ గదిలోనూ కూర్చోబుద్ధి అయ్యేది కాదు.

పదకొండో నెలలో ఆమే ఇల్లు చూసింది, సాయంత్రం పూట, రెండుసార్లు. మడిగె ఉన్న సందులోనే, రెండు గదులు, తొమ్మిదివేలు. నేను ఒక్క అవకాశం ఇవ్వమని బతిమాలాను.

"నువ్వు గేటు కాడ నిలబడు. నోరు తెరవకు."

నిలబడ్డాను. ఇంటి యజమానురాలు నా వైపు చూసి, "ఆయన ఎవరు?" అని అడిగింది. "మా ఆయననే. సామాను మోసేటందుకు వచ్చిండు," అంది నా భార్య.

గడువు నిండి, అడ్వాన్సు చేతికొచ్చి, కాలనీ ఇల్లు ఖాళీ చేసే రోజు, ఆమె గిన్నెలు సర్దుతుంటే నేను వంటింటి గడప మీద కూర్చుని లెక్క పైకి చెప్పాను. జమ: ఊళ్లో మొదట చూసిన ఇంటికి ఎనిమిదిన్నర, దీనికి ఐదు, నెలకు మూడున్నర చొప్పున పదకొండు నెలలకు మిగిలింది ముప్పై ఎనిమిదిన్నర వేలు. ఖర్చు: బండి పెట్రోలు అదనంగా పదహారున్నర వేలు. కూతురి బడి ఆటో ఎనిమిది వేలు. మడిగెకు ఏడు నెలలు, పదిహేడున్నర. నేను ఇచ్చిన తగ్గింపులు, విప్పి మళ్లీ కుట్టినవి కలిపి మూడు వేలు. మొదటి నాలుగు నెలల్లో ఆమెకు రావలసినది నలభై, వచ్చింది తొమ్మిది. పోయింది ముప్పై ఒకటి. మొత్తం డెబ్బై ఆరు వేలు.

ఇక్కడ ఒక చిన్న ప్రయత్నం చేశాను. చివరి మూడు నెలలు మడిగెలో ఆమె హైదరాబాదులోకంటే నెలకు నాలుగువేలు ఎక్కువే సంపాదించింది. ఈ కాలనీకి రాకపోతే ఆ నడిచే ఆడవాళ్లు పరిచయమయ్యేవాళ్లు కాదు కదా అని, ఆ పన్నెండు వేలు నా జమలో కలపబోయాను.

"గది నీ లెక్కల ఎందుకేస్తున్నవ్?" అంది, గిన్నె మీంచి తల ఎత్తకుండానే. "అది నా కష్టం."

తీసేశాను. మళ్లీ రాని ఆ ఆరేడుగురికి ఎంత వేయాలని అడిగాను. ఆమె చెప్పలేదు, నేను వేయలేదు. వాళ్లను పక్కన పెడితే, నికరంగా నష్టం ముప్పై ఏడువేల ఐదువందలు.